శివరాత్రి చిలగడదుంపలను ముందుగా సిద్ధపరచు విధము

(జంగారెడ్డిగూడెము, పరిసర మెట్టగ్రామముల రైతుల యుపయోగార్థము)

మాఘ బహుళ చతుర్దశి మహాశివరాత్రి. ఆ దినమున ఉపవాసముండువారు సాయంకాలపు పూజానంతరము గాని, జాగరణ ముగిసిన మరునాటి యుదయమున గాని, మొట్టమొదట భుజించు పదార్థము పెక్కు గృహములయందు ఉడికించిన చిలగడదుంపయే. సంవత్సరములో మిగిలిన దినములలో ఈ దుంపను తలంపనివారు సైతము ఆ రెండు మూడు దినములలో దీనికై అంగడికి పోవుదురు. గిరాకీ యప్పుడే గావున, రైతు పండుగకు ముందుదినమున చేనంతయు త్రవ్వి, మన్ను కడిగి, తడి యారకమునుపే గోనెలకెత్తి బస్తీకి తోలుట వాడుక. ఇల్లాలు వానిని కొని ఆ రాత్రియే కుక్కరులో వేసి పది పదునైదు నిమిషములలో దింపును. దుంప మెత్తబడును గాని తీపి యుండదు. కొన్ని నారగా నుండును. కొనగా మిగిలినవి వారము గడవకమునుపే నీరుకారి క్రుళ్లిపోవును.

దుంప చప్పగా నున్నదని కొన్నవారు నేలను నిందింతురు. అమ్మినవారు తీగను నిందింతురు. నేలయందును తీగయందును దోషము లేదు. భూమినుండి తీసిన దుంపకు 12 మొదలు 15 దినముల నిలువయు, పొయ్యిమీద ముప్పావుగంట నిదానమును కావలయును. ఈ రెండును దానికి దక్కుట లేదు. ఇందుకు వేరుగా ఖర్చు పెట్టవలసినది దాదాపు ఏమియు లేదు. దినములు లెక్కించుకొనవలసినది మాత్రము కలదు.

పేరును గూర్చి

కోస్తా జిల్లాలలో చిలగడదుంప యనునదే రాయలసీమలో గెనుసుగడ్డ. తెలంగాణమున రత్నపురిగడ్డ, మొరంగడ్డ, కందగడ్డ యని ప్రాంతమునకొక పేరు. జంగారెడ్డిగూడెమునకు తెలంగాణపు సరిహద్దు చేరువ గావున, ఆ వైపు వర్తకుడు కందగడ్డ కావలెనని కబురంపినచో గోదావరి రైతు కంద యని తలచుటకు వీలు గలదు. కంద వేరు పంట. పచ్చిది తాకిన చేయి దురదపెట్టును. కొవ్వూరు పరిశోధనా స్థానమునుండి వెలువడిన గజేంద్ర యను రకము ఆ కందకు సంబంధించినదే గాని చిలగడదుంపకు గాదు. బేరము కుదుర్చుకొనునప్పుడు ఒక దుంపను చూపి మాటలాడుట మేలు.

ఇది బంగాళాదుంపకు చుట్టమును గాదు. బంగాళాదుంప భూమిలో ఊరిన కాండము. చిలగడదుంప ఊరిన వేరు. చెరువులలో ప్రాకు తూటికూర దీనికి దగ్గరి బంధువు. దీని పుట్టినిల్లు అమెరికా ఖండపు ఉష్ణప్రాంతము. 1492లో కొలంబసు ఆ దీవులకు చేరిన పిమ్మట ఐరోపావారి యోడలపై ఇది దేశదేశములకు ప్రాకినది. మన దేశమునకు పోర్చుగీసువారి వలన వచ్చినదని చరిత్రకారులు తలంతురు. ఉపవాసమునకు యోగ్యమని వరియన్నమును సైతము త్రోసిరాజని పళ్లెమున చేరిన యీ దుంప సముద్రము దాటివచ్చినదగుట వింతయే.

వేరు యని చెప్పుటలో ప్రయోజనము గలదు. చేనినుండి తీసిన తరువాతను అది ప్రాణముతో నుండి శ్వాసించుచుండును. చర్మము చీరుకొనిన చోట, తగిన వెచ్చదనమును తేమయు దొరకినచో, లోపలనుండి క్రొత్త బెరడు కట్టుకొనును. లోనున్న పిండిపదార్థములో కొంత మెల్లమెల్లగా చక్కెరగా మారుచుండును. ఈ రెండు పనులును జరుగుటకే ఆ 12, 15 దినముల గడువు.

దినముల లెక్క

శివరాత్రి చాంద్రమానమునుబట్టి వచ్చు పండుగ గనుక ఇంగ్లీషు తేదీ యేటేట మారును. 2025లో ఫిబ్రవరి 26. 2026లో ఫిబ్రవరి 15. 2027లో మార్చి 6. దసరా వెళ్లగానే నాటుదమని ఏటేట ఒకే యలవాటున పోవు రైతునకు ఒక యేడు దుంప ముదిరి నారబారును, మరియొక యేడు లేతగా నుండును. కావున పంచాంగము చూచి వెనుకకు లెక్కింపవలయును. సామాన్య రకములకు నాటినది మొదలు త్రవ్వువరకు 100 మొదలు 110 దినములు. త్రవ్వినది మొదలు పండుగవరకు 15 దినములు. మొత్తము 125. ఈ లెక్క చొప్పున 2026 పండుగకు తీగ నాటవలసిన దినము 2025 అక్టోబరు 13. 2027 పండుగకు 2026 నవంబరు 1. రెంటికిని నడుమ పందొమ్మిది దినముల తేడా గలదు.

ధవళేశ్వరమున 1852లో ముగిసిన ఆనకట్ట వలన పల్లపు తాలూకాలు మాగాణులైనవి గాని, ఆ కాలువనీరు జంగారెడ్డిగూడెపు మెట్టకు ఎక్కదు. ఇచ్చట బావులు, బోర్లు, ఎర్రకాలువ, వానయే ఆధారము. అయినను ఈ పంట విషయమున మెట్ట వారికి చింత లేదు. నీరు నిలువని ఎర్ర గరపనేలలో దుంప గుండ్రనై నున్నగా ఊరును. జిగటనేలలో వంకరలు పోవును, నీరు నిలిచినచోట క్రుళ్లును. తీగ కొనభాగములను 20 మొదలు 30 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, 60 సెంటీమీటర్ల యెడముగల బోదెలపై 20 సెంటీమీటర్లకొకటి చొప్పున నాటుదురు. యూరియా విస్తారముగా వేసినచో పందిరివేయునంత యాకు వచ్చును, దుంప రాదు. నెలకొకసారి, రెండునెలలకొకసారి మన్ను ఎగద్రోయుట మాత్రము మానరాదు. దాని కారణము ముందు తెలియగలదు.

త్రవ్వుట

ఆకులు పసుపువన్నెకు తిరుగుట మొదటి గురుతు. అదియొకటియే చాలదు, నీటియెద్దడి వలన గూడ ఆకు పండును. చేనిలో నాలుగుచోట్ల ఒక్కొక్క దుంపను పెకలించి కత్తితో అడ్డముగా కోయవలయును. కోసినచోట ఊరిన పాలు తెల్లగానే యారినచో దుంప ముదిరినది. ఆ పాలు నలుపో, ఆకుపచ్చని నలుపో తిరిగినచో ఇంకను లేత, వారము తాళవలయును.

త్రవ్వుటకు రెండుమూడు వారములు ముందుగానే తడి మానుకొనవలయును. చివర తడిసిన దుంప నీరుత్రాగి బరువు తూగును. తూకమునకు లాభమని కొందరందురు గాని, అట్టి దుంప నిలువ యుండదు. నేల మరీ గట్టిపడినచో త్రవ్వుటకు రెండుదినములు ముందు పలుచగా ఒక తడి ఇచ్చిన చాలును. మొదట తీగను కోసి ప్రక్కకు లాగి, బోదె ప్రక్కనుండి పారయో గునపమో దింపి ఎత్తవలయును. బోదె నెత్తిమీద పొడిచినచో ప్రతి మూడవ దుంపకు గాయము తగులును. దుంపలను దూరమునుండి గంపలోనికి విసరుట చూచుటకు హుషారుగా నుండును గాని, పైకి కనబడని నలుగుడు వారము తరువాత నల్లని మచ్చయై బయటపడును. తీసిన దుంపలను మిట్టమధ్యాహ్నపు టెండలో బోదెలమీద వదలరాదు.

కడుగరాదు. ఇది రైతులకు నచ్చచెప్పుట కష్టము, కడిగిన దుంప యెర్రగా నిగనిగలాడి కొనువాని కంటికి ఇంపుగా నుండును గనుక. అయినను తడిసిన చర్మముపై బూజు రెండుదినములలో పట్టును. మన్నును చేతితోనో, పొడిగోనెతోనో మెల్లగా తుడిచిన చాలును. కడుగుట వండుదినపు పని. అమ్మువాడు కడిగి తీరవలెనన్నచో అంగడికి తోలు ఉదయముననే కడిగి, నీడన పూర్తిగా ఆరనిచ్చి, పిమ్మట ఎత్తవలయును.

మగ్గబెట్టుట

జంగారెడ్డిగూడెము వర్జీనియా పొగాకునకు పేరుపడిన ప్రదేశము. పొగాకు బోర్డు వారి వేలము కేంద్రములు ఇచ్చట గలవు. బారనులో ఆకును మగ్గబెట్టుట యనగా నేమో ఈ ప్రాంతపు రైతునకు వేరుగా చెప్పనక్కరలేదు. చిలగడదుంపను గూడ మగ్గబెట్టవలయును. ఇచ్చటనే పొరపాటునకు చోటు గలదు. బారనులో వేడిని క్రమముగా 70 డిగ్రీల వరకు పెంచి ఆకులోని నీటినంతయు తోలివేయుదురు. దుంపకు కావలసినది సరిగా దీనికి విరుద్ధము: వేడి 29 మొదలు 32 డిగ్రీలు, గాలిలో తేమ నూటికి 85 మొదలు 90 వంతులు. పొగాకు పని ముమ్మరముగా నుండు మాసములలోనే ఈ పనియు తగులును గనుక, ఖాళీ బారను చూచి దుంపలను అందులో పోయు ఆలోచన కలుగవచ్చును. నిప్పువేసిన బారనులో దుంప ముడుతపడి చచ్చును. చచ్చిన దుంప గాయమును మాన్పుకొనజాలదు.

ఇంటివద్ద చేయదగిన విధమిది. గాలి యాడు కొట్టపు మూలనో, పశువులు లేని పాకలోనో నేలమీద జానెడు మందమున ఎండుగడ్డి పరచి, దుంపలను రెండుమూడు వరుసలకు మించకుండ పేర్చవలయును. పైన మరల ఎండుగడ్డి కప్పవలయును. గడ్డిపైన తడిపి పిండిన గోనెపట్టాలు పరచి, అవి ఆరినప్పుడెల్ల మరల తడుపవలయును. చుట్టునున్న నేలపై నీరు చిలుకవచ్చును. దుంపపై మాత్రము నీటిబొట్టు పడరాదు. ఫిబ్రవరి మధ్యాహ్నములు ఈ ప్రాంతమున దుంపకు తగినంత వెచ్చగానే యుండును. రాత్రులు చల్లబడును గనుక ప్రొద్దుక్రుంకగానే మరియొక పొర గడ్డి కప్పుట మంచిది. యంత్రములతో వేడిని సమముగా నిలుపుచోట 4 మొదలు 7 దినములలో ముగియు పని, గడ్డిక్రింద 7 మొదలు 10 దినములు పట్టును. ముగిసిన గురుతు చేతికే తెలియును. బొటనవ్రేలితో రాచినప్పుడు చర్మము ఊడిరాదు. చీరుకొనినచోట గట్టి పొలుసు కట్టియుండును.

పిమ్మట గడ్డి తీసివేసి, గాయపడినవానిని వేరుపరచి, మిగిలినవానిని చల్లని చీకటిగదిలో పొడియిసుక పొరలనడుమ పేర్చి యుంచవలయును. దుంపకు దుంప తగులకుండిన మేలు. ఇట్లు శివరాత్రి గడచిన పిమ్మటను మూడునాలుగు వారములు నిలుచును. ప్లాస్టికుసంచిలో బిగించి కట్టినచో ఊపిరాడక చెమర్చి క్రుళ్లును. పచ్చిదుంపను శీతలపెట్టెలో (ఫ్రిజ్జు) పెట్టుట మరియొక తప్పు. ఇది వేడిదేశపు పంట. 12 డిగ్రీలకు తక్కువ చలిలో కొన్నిదినములున్నచో దాని నడిభాగము బిరుసెక్కి, ఎంత ఉడికించినను మెత్తబడదు.

ముక్కుపురుగు, బూజు, పశువులు

దుంపపై సూదితో పొడిచినట్లు చిన్న రంధ్రములు కనబడినచో అది ముక్కుపురుగు పని. చీమవలె సన్నని నడుము, నీలివన్నె రెక్కలు, ఎర్రని రొమ్ము గలిగిన చిన్న పెంకుపురుగు ఇది. పిల్లపురుగు లోపల సొరంగములు చేయును. నేల బీటలువారినప్పుడు ఆ బీటలగుండ దుంపను చేరి గ్రుడ్లు పెట్టును. మన్ను ఎగద్రోయవలెనని పైన చెప్పినది ఇందులకే. పురుగు తాకినచోట దుంప తన్ను కాపాడుకొనుటకు ఒకవిధమైన చేదుపదార్థమును పుట్టించును. ఆ చేదు రంధ్రము దగ్గరనే నిలువక చుట్టును వ్యాపించును, ఉడికించినను పోదు. ఒక్క పుచ్చుదుంప కుండెడు దుంపలకు చెడ్డవాసన తెప్పించుట ఇల్లాండ్రు ఎరిగినదే. పుచ్చులో ముక్క కోసివేసి మిగిలినది వాడుకొందమనుట పొదుపు గాదు.

ఇంతకంటె ముఖ్యమైనది మరియొకటి గలదు. పండుగ వెళ్లిన మరునాడు అమ్ముడుపోక మిగిలి బూజుపట్టిన దుంపలను పారవేయ మనసొప్పక గేదెకో ఆవునకో పెట్టువారున్నారు. ఇది పశువు ప్రాణముతో ఆట. కొన్ని జాతుల బూజు పట్టినప్పుడు చిలగడదుంపలో పుట్టు విషము పశువు ఊపిరితిత్తులను దెబ్బతీయును. అట్టి దుంపను తినిన పశువు ఒకటి రెండు దినములలో మెడ చాచి, నోట నురుగుతో, ఊపిరి యందక రొప్పును. పెక్కు పశువులు చనిపోవును. దీనికి విరుగుడు మందు లేదు. లక్షణము కనబడగానే మేత మాన్పించి, పశువును బెదరింపక నీడను నిలిపి, పశువైద్యుని పిలువవలయును. బూజు భాగమును చెక్కి మంచిభాగము పెట్టితిమనుటయు రక్షణ గాదు. కంటికి కనబడని దూరమువరకు విషము ప్రాకియుండును. మనుష్యులును అట్టి దుంపను తినరాదు.

మంచి దుంపయు, పచ్చితీగయు మాత్రము పశువులకు మంచి మేత. ఈ రెంటికిని భేదము ఇంటిలో పిల్లలకు గూడ చెప్పియుంచవలెను, సాయంకాలము కుడితితొట్టిలో దుంపతొక్కులు వేయువారు తరచుగా వారే గనుక. పుచ్చువానిని, క్రుళ్లినవానిని చేనిగట్టున పోయక, లోతైన గోతిలో పూడ్చవలయును. గట్టున పోసినచో అచ్చటి పురుగు రానున్న యేటి పంటకు సిద్ధముగా నుండును.

ఉడికించుట

పచ్చిదుంప తీపి కొంతయే. తక్కిన తీపి వండునప్పుడు పుట్టును. దుంపలో పిండిని చక్కెరగా మార్చు ఒక కిణ్వము స్వభావముగా గలదు. వేడి 60 డిగ్రీలు దాటగా పిండి ఉబ్బి మెత్తబడును, కిణ్వము దానిని పట్టుకొని తియ్యని మాల్టోజు చక్కెరగా మార్చును. 80 డిగ్రీలు మించగా ఆ కిణ్వమే చచ్చును. కావున దుంప ఆ నడిమి వేడిలో ఎంతసేపుండునో అంత తీపి. కుక్కరులో అది ఆ వేడిని కొద్ది నిమిషములలో దాటిపోవును. పూర్వులు పొయ్యియార్పిన పిమ్మట నివురులో దుంపలను కప్పి రాత్రియంతయు వదలుచుండిరి. అట్టి దుంప తేనెయొలుకుటకు కారణమిదియే. మంటలో కాల్చినది మాత్రము పైన మాడి లోపల పచ్చిగా నుండును.

ఒకే లావుగల దుంపలను ఏరి, అప్పుడు కడిగి, తొక్కతీయక, కోయక, వెడల్పు తపేలాలో చల్లనీటితో పెట్టవలయును. సన్నని సెగమీద నీరు చేయి పెట్టలేనంత వేడియై, మరుగక, అడుగున సన్నని బుడగలు మాత్రము లేచుచుండునట్లు అరగంట యుంచవలయును. పిమ్మట మూతపెట్టి, మరుగనిచ్చి, పుల్ల గ్రుచ్చిన నడిమివరకు దిగువరకు ఉడికింపవలయును. నీటిలో తీపి కొంత పోవునని తలచువారు ఇడ్లీపాత్రలో ఆవిరిమీద ఇదే నిదానముతో చేయవచ్చును. దించగానే నీటిని పూర్తిగా వంచి, దుంపలను గుడ్డమీద విడివిడిగా పరచి ఆవిరి పోనీయవలయును. తొక్క తినుసమయముననే తీయవలయును. అదియే దానికి మంచి మూత.

ఈ ప్రాంతమునుండి శివరాత్రికి పట్టిసీమ వీరభద్రస్వామి దర్శనమునకు పోవువారు అనేకులు. ఆలయము గోదావరి నడుమ కొండపై నుండుటచే పడవకొరకు వేచియుండుట, దాటుట, వరుసలో నిలుచుట, ఇవన్నియు జరిగి మూట విప్పునప్పటికి సాయంకాలమగును. ముందునాటి రాత్రి ఉడికించి, వేడివేడిగా స్టీలుడబ్బాలోనో ప్లాస్టికుసంచిలోనో బిగించి కొనిపోయిన దుంప అప్పటికి జిగురుకట్టి పులియును. దినమంతయు ఏమియు తినని కడుపులో, అందును ముసలివారి కడుపులో, అది పడినచో తిరుగుప్రయాణమున కష్టము తప్పదు. ప్రయాణము పెట్టుకొనినవారు తెల్లవారుజామున లేచి ఉడికించుట మంచిది. పూర్తిగా చల్లారి తడియారిన దుంపలను తొక్కతోనే పలుచని నూలుగుడ్డలో వదులుగా కట్టి, బుట్టలో గాలి తగులునట్లు పెట్టుకొనవలయును. తొక్కమీద జిగురు గాని పుల్లని వాసన గాని యున్నచో, ఉపవాసము ఇంకొక గంట సాగినను సరే, దానిని తినరాదు. అరటిపండ్లు రెండు మూటలో నుంచుకొనిన ఆ చిక్కు లేదు.

ఇంటివద్ద నుండువారు ముందునాడే ఉడికించి పెట్టుకొనగోరినచో దానికి శీతలపెట్టె తగును. పచ్చిదుంపకు పనికిరాదని చెప్పినది ఉడికినదానికి వర్తింపదు. చల్లారిన పిమ్మట, రెండుగంటలు దాటకుండ, మూతగల గిన్నెలో లోపల పెట్టినచో మూడుదినములు చెడదు. తినబోవునప్పుడు పొగలు గ్రక్కునంతగా మరల ఆవిరి పట్టింపవలయును. చక్కెరవ్యాధి గలవారు కాల్చినదానికంటె ఉడికించినదానిని కొద్దిగా తినుట మేలు, కాల్చినది రక్తములో చక్కెరను త్వరగా పెంచును గనుక. మందులు వాడుచు ఉపవాసముండదలచినవారు ముందుగా వైద్యుని యడుగవలయును.

మరునాటి భోజనమునకు ముక్కలపులుసో దప్పళమో పెట్టునప్పుడు దుంపలను ముందుగా తరిగియుంచుకొనవచ్చును. తరిగిన ముక్క గాలి తగిలి నల్లబడును. నీటిలో మునుగనుంచిన నల్లబడదు. చింతపండు పులుసు మొదటనే పోసినచో ముక్క బిరుసుకట్టి ఉడుకదు. ముక్క ముక్కాలువంతు మెత్తబడిన తరువాతనే పులుసు, పులుసు మరిగిన తరువాతనే బెల్లము.

మిగిలిన దుంపలను దారుఢ్యముగా నుండగనే చక్రములుగా తరిగి, మరుగునీటిలో రెండుమూడు నిమిషములు ముంచి తీసి, శుభ్రమైన చాపపై ఎండబెట్టినచో, ఫిబ్రవరి మార్చి యెండకు కొలదిదినములలో పెళుసుబారును. విరిచిన టక్కున విరుగవలయును. గాలిచొరని డబ్బాలో అవి నెలలతరబడి నిలుచును.

రకములు

అంగళ్లలో ఎక్కువగా దొరకునది ఎర్రతొక్క, తెల్లని కండ గలది. తిరువనంతపురమున 1963లో నెలకొల్పబడిన కేంద్ర దుంపపంటల పరిశోధనా సంస్థ వారు నారింజవన్నె కండగల శ్రీకనక, భూసోన రకములను, ఊదావన్నె కండగల భూకృష్ణ రకమును వెలువరించిరి. నారింజవన్నెకు కారణమైన కెరోటిను శరీరములో ఎ విటమినుగా మారును. తెల్లకండలో అది మిక్కిలి తక్కువ. నారింజ రకపు దుంప 125 గ్రాములు బడికి పోవు వయస్సురాని బిడ్డకు ఒక దినమునకు వలసిన ఎ విటమినును ఇయ్యగలదు. ఆఫ్రికాఖండమున ఈ రకములను ప్రచారము చేసి పిల్లల కంటిచూపు కాపాడుటకు కృషిచేసినవారికి 2016లో ప్రపంచాహార బహుమానము లభించినది. నెయ్యియో నూనెయో కొద్దిగా తగిలినప్పుడు కెరోటిను వంటబట్టును. నారింజ రకములు కొంచెము నీరుగా, మెత్తగా నుండును గనుక పొయ్యిమీద తక్కువసేపు చాలును; పొడిపొడిగా నుండు దుంపను కోరువారికి ఇవి మొదట నచ్చవు. ఒక బోదె నాటి ఇంటిపిల్లలకు పెట్టి చూచిన పిమ్మట ఎక్కువచేయుట తెలివి.

వచ్చు యేటి తీగ

దుంపలను వేరుపరచు సమయముననే, పురుగుసూది లేనివి, ఒక్కొక్కటి 125 మొదలు 150 గ్రాముల తూకము గలవి ఏరి ఇసుకలో విడిగా దాచవలయును. జూలై నడుమ వీనిని చిన్నమడిలో పాతిపెట్టినచో నెలన్నరకు తీగలు సాగును. ఆ తీగముక్కలను రెండవ మడిలో నాటిన మరియొక నెలన్నరకు, అనగా అక్టోబరు మధ్యమునకు, చేనికి చాలినంత శుభ్రమైన తీగ చేతికందును. పండుగ ఫిబ్రవరి చివరనో మార్చిలోనో వచ్చు యేడు ఈ మడిని ఆగస్టు మొదటివారమున వేసిన సరిపోవును. పొరుగుచేనిలో పాతపంటనుండి తెచ్చిన తీగయందు ముక్కుపురుగు గ్రుడ్లు రావచ్చును గనుక, ఎంత చౌకగా దొరకినను దానిని తీసికొనరాదు.